ఓడిపోయే అవకాశం మాకూ కావాలి

మా హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక జరిగే చర్చల్లో ఈ ఏడాది బాగా నలిగిన విషయం ఒకటుంది. వీడియో గేములు ఆడటం కాదు, సొంతంగా తయారు చేసి బతకడం సాధ్యమేనా అన్నది. ఈ వార్షికోత్సవ సంచిక ద్వారా మా అభిప్రాయాన్ని పెద్దల ముందు, తోటి విద్యార్థుల ముందు ఉంచుతున్నాం.

ముందుగా ఒక అపోహ తొలగాలి. గేమ్ అనగానే మా తల్లిదండ్రులకు ఆన్‌లైన్ రమ్మీ గుర్తుకొస్తుంది. వారి భయంలో న్యాయముంది. డబ్బు పెట్టి ఆడే ఆటలను మన రాష్ట్రం 2017లో, కేంద్రం 2025లో చట్టం చేసి నిషేధించాయి. మేము మాట్లాడేది వాటి గురించి కాదు. బొమ్మలు గీసేవారు, కథ రాసేవారు, ప్రోగ్రాం రాసేవారు, సంగీతం కట్టేవారు కలిసి తయారు చేసే ఆటల గురించి.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి హైటెక్ సిటీ అంటే మనకు ఉద్యోగమనే అర్థం. కానీ యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం 2017లో రాయదుర్గంలో ఇమేజ్ టవర్‌కు శంకుస్థాపన చేశారు. కొత్త సంస్థలకు ఊతమిచ్చే టీ-హబ్ పెద్ద భవనం 2022లో అక్కడే ప్రారంభమైంది. హైదరాబాదుకు చెందిన ఓగర్ హెడ్ స్టూడియో 2017లో 'అసుర' అనే ఆటను స్టీమ్ అనే అంతర్జాతీయ అంగడిలో విడుదల చేసింది. కనుక ఇది మన ఊళ్లో జరగని పనేమీ కాదు.

ఇక లెక్కల్లోకి వద్దాం. గోడో, బ్లెండర్ వంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి. గూగుల్ ప్లేలో ఖాతాకు ఒకేసారి 25 డాలర్లు కట్టాలి. స్టీమ్‌లో ఒక్కో ఆటకు 100 డాలర్లు. 2024లో పెంచిన తర్వాత కాలేజీ హాస్టల్ విద్యార్థికి నెల మెస్ చార్జీ 2,100 రూపాయలు. అంటే మొదటి రుసుము ఇంచుమించు మా ఒక నెల తిండి, రెండోది నాలుగు నెలల తిండి. అమ్మకాలు వెయ్యి డాలర్లు దాటితే స్టీమ్ ఆ సొమ్ము తిరిగి ఇస్తుంది. కానీ ముందు కట్టాల్సింది మనమే కదా!

అమ్మకంలో స్టీమ్ వాటా 30 శాతం. వంద రూపాయల ఆట అమ్ముడైతే మనకు మిగిలేది 70. ముగ్గురు మిత్రులు తలా నెలకు పదివేలతో ఒక ఏడాది బతకాలంటే 3,60,000 రూపాయలు కావాలి. పన్నులు లెక్కలోకి తీసుకోకుండానే 5,143 మంది ఆ ఆట కొనాలి. ఫోనులో ఉచితంగా ఇచ్చి ప్రకటనల మీద సంపాదించాలంటే ఆడేవారు ఇంకెన్నో రెట్లు ఉండాలి.

గెలిచినవారి కథలు మేమూ చదివాం. పుణెకు చెందిన నోడింగ్ హెడ్స్ సంస్థ 'రాజీ' ఆట కోసం 2017లో కిక్‌స్టార్టర్ ద్వారా ప్రజలను డబ్బు అడిగింది. అనుకున్న మొత్తం రాలేదు. వ్యవస్థాపకుల్లో ఒకరు తన ఫ్లాటు అమ్మి పని ఆగకుండా చూశారు. 2020లో ఆట విడుదలై పేరు తెచ్చుకుంది. అమెరికాలో ఎరిక్ బారోన్ నాలుగేళ్లకు పైగా ఒంటరిగా శ్రమించి 2016లో 'స్టార్‌డ్యూ వ్యాలీ' విడుదల చేశాడు. ఆ కాలంలో అతని భాగస్వామి సంపాదన ఇంటికి ఆసరా అయింది. వారి శ్రమకు మా జోహార్లు. అయితే మాకు అమ్మడానికి ఫ్లాటు లేదు. మా ఇంటి ఆసరా అమ్మానాన్నల కూలి డబ్బు. దాన్ని పందెం పెట్టమని ఎవరు చెప్పినా మేము వినం.

పథకాలు లేవనడం లేదు. 2020లో ప్రారంభించిన అంబేద్కర్ సోషల్ ఇన్నోవేషన్ మిషన్ ఎస్సీ యువత సంస్థలకు మూడేళ్లలో 30 లక్షల వరకు వాటా పెట్టుబడి ఇస్తామంది. 2021 నాటి స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో 20 లక్షల వరకు గ్రాంటు ఉంది. కానీ వీటిని అందుకోవాలంటే కంపెనీ ఉండాలి, ఇంక్యుబేటర్ మెచ్చాలి. అంతదాకా ఎక్కే మొదటి మెట్టే మాకు లేదు. కోర్సు పూర్తయిన నాడే ట్రంకుపెట్టె సర్దుకుని హాస్టల్ ఖాళీ చేయాలి.

అందుకే సంక్షేమ శాఖను మూడు కోరుతున్నాం. ప్రతి కాలేజీ హాస్టల్లో రాత్రి పది వరకు తెరిచి ఉండే కంప్యూటర్ గది. ఒక చిన్న ఆటను పూర్తి చేసి చూపిన జట్టుకు తిరిగి కట్టనక్కరలేని యాభైవేల రూపాయలు. అటువంటి జట్టుకు కోర్సు తర్వాత ఒక సంవత్సరం హాస్టల్లో చోటు, భోజనం. ఆట అమ్ముడుపోకపోతే వారిని దోషులుగా చూడకూడదు. నేర్చిన పనితో వారికి ఉద్యోగమైనా దొరుకుతుంది.

మా బాధ్యత మేము మరువం. చదువు మానం, ఇంట్లో అప్పు చేయించం. మూడేళ్ల పెద్ద ఆట కలలు కట్టిపెట్టి, మూడు నెలల్లో పూర్తయ్యే చిన్న ఆటతో మొదలుపెడతాం. అవసరమైతే ముందు ఉద్యోగం చేసి కాస్త కూడబెట్టుకుంటాం.

తెలివితేటలు అన్ని ఇళ్లలోనూ పుడతాయి. ఒకసారి ఓడిపోయి మళ్లీ లేచే స్తోమత మాత్రం కొన్ని ఇళ్లకే ఉంది. ఆ స్తోమతను మాకూ కల్పించడమే సంక్షేమమని మా అభిప్రాయం.