ముక్కు టీకా వచ్చువరకు ఆగుదమా?

తెలుగులో కంఠసర్పి అనియు, ఉర్దూలో ఖునాఖ్ అనియు పిలువబడు డిఫ్తీరియాలో బిడ్డ ప్రాణము తీయునది ముఖ్యముగా సూక్ష్మజీవి స్రవించు విషము. 1923లో ఫ్రాన్సు దేశమున గాస్తోన్ రామోన్ ఆ విషమును ఫార్మలిన్‌తోను, వేడిమితోను నిర్వీర్యము గావించి టాక్సాయిడ్ తయారుచేసెను. నూరేండ్లు గడచినను మనము వేయించుకొను సూదిమందు ఆ మార్గముననే నడచుచున్నది.

సూదిమందు రక్తములో ప్రతిరక్షకములను పుట్టించును గాని, ముక్కు, గొంతుల లోపలి శ్లేష్మపు పొరపై కాపలా కాయు ఐజీఏ ప్రతిరక్షకమును అంతగా పుట్టించదు. ముక్కులో వేయు టీకా ఆ పని చేయగలదు. అయితే విడి ప్రోటీనును ముక్కు నిలువనీయదు. చీమిడితో కలిపి కొద్ది నిమిషములలోనే గెంటివేయును.

ఈ చిక్కునకు జపానులో హిరోషి కియోనో, ఆయన సహచరులు 2010లో ఒక ఉపాయము ప్రకటించిరి. పుల్లులాన్ అను పిండిపదార్థమునకు కొలెస్టరాల్‌ను, ధనావేశమును చేర్చి, సుమారు 40 నానోమీటర్ల జెల్ కణములు చేసిరి. బోట్యులిజం విషములోని హానిలేని భాగమును వాటిలో ఇమిడ్చి ఎలుకల ముక్కులో వేసిరి. ఋణావేశము గల ముక్కు పొరను కణములు పట్టుకొని, సరకును మెల్లమెల్లగా విడిచినవి. వేరొక ఉత్తేజకము లేకయే రక్తమునందును, శ్లేష్మమునందును ప్రతిరక్షకములు పుట్టినవి. మందు మెదడులో పోగుపడలేదు.

నాకు ఈ కడపటి మాటయే అన్నిటికన్న విలువైనదిగా తోచును. వాసన నాడులు ముక్కు పైకప్పు నుండి నేరుగా మెదడులోనికి పోవును. 2000లో స్విట్జర్లాండులో వాడుకలోనికి వచ్చిన ఒక ఫ్లూ ముక్కు టీకాలో ఈ.కోలై విషమును ఉత్తేజకముగా కలిపిరి. వేయించుకొన్న వారిలో కొందరికి ముఖము ఒక ప్రక్క చచ్చుబడినది. టీకాను ఉపసంహరించిరి. ఆ ప్రమాదము సుమారు 19 రెట్లు పెరిగినదని 2004లో ప్రచురితమైన పరిశీలన తేల్చినది. విషమును ఎదుర్కొన బోయి విషమునే తోడు తెచ్చుకొనరాదు గదా!

హైదరాబాదులోని భారత్ బయోటెక్ వారి కోవిడ్ ముక్కు టీకాకు 2022లో అనుమతి లభించినది గదా, విషములకు మాత్రము జాప్యమెందుకని మిత్రులు కొందరు వాదించుచున్నారు. ఆ టీకా జన్యువును మోయు అడినోవైరస్. ఇచటి కణములు మోయునది విష ప్రోటీను తునక. ఒకదాని నిరపాయత రెండవదానికి సాక్ష్యము కానేరదు. మరియు ధనుర్వాతము వంటి వ్యాధిలో విషము గాయము నుండి పుట్టును. అచట రక్తములోని రక్షణ చాలును. సూది భయము తప్పించుటకు తప్ప ముక్కు దారి అచట అంతగా అవసరము లేదు. పీల్చినను ప్రాణము తీయగల బోట్యులిజం విషము వంటి వాటిపైననే ఈ పరిశోధనకు ముందుగా ధనము వెచ్చించవలెనని నా అభిప్రాయము.

అంతవరకు సూదిని చులకన చేయరాదు. జాతీయ టీకాల పట్టికలో 10వ యేట, 16వ యేట వేయించుకొనవలసిన టీడీ సూది యున్నది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో అది ఉచితము. మన ఇంటర్ తరగతులలో ఎందరు వేయించుకొనిరో కళాశాల కమిటీవారు ఒక్కసారి విచారించి, కళాశాలలోనే ఒకనాడు అందుకు ఏర్పాటు చేయుదురని ఆశించుచున్నాను.