ప్లీట్ల మీద ఎందుకండీ అంత కక్ష?

మనవాళ్ళని ఒకసారి గమనించండి. ఒక బుల్లి లైబ్రరీ వాడాలా వద్దా అని నాలుగు మీటింగులు పెట్టుకుంటాం. ట్యాబులా స్పేసులా అని జుట్లు పట్టుకుంటాం. కీబోర్డు కొనాలంటే పదిహేను రివ్యూలు చదువుతాం. అదే, రోజుకి పదీ పన్నెండు గంటలు ఒంటిమీద ఉండే ప్యాంటు దగ్గరికొచ్చేసరికి మాత్రం షాపులో కుర్రాడు ఏది చేతిలో పెడితే అది తెచ్చేసుకుంటాం. "ఇప్పుడంతా ఫ్లాట్ ఫ్రంటే సార్, ప్లీట్లు ముసలాళ్ళు వేసుకుంటారు" అంటాడతను. మనం తలూపుతాం. రిక్వైర్‌మెంట్ ఏంటని అతను అడగడు, మనం చెప్పం.

నా గొడవంతా ఈ తలూపటం మీదే.

ఇలాంటివి పట్టించుకోని పుణ్యాత్ముల కోసం ముందు రెండు ముక్కలు. ప్యాంటు ముందువైపు, నడుం పట్టీ కింద, జిప్పుకీ జేబుకీ మధ్య ఒకటో రెండో మడతలు పెట్టి కుడతారు చూశారూ, అవీ ప్లీట్లు. మడత మొహం జిప్పు వైపు ఉంటే ఫార్వర్డ్ ప్లీటు, జేబు వైపు ఉంటే రివర్స్ ప్లీటు. అసలు మడతే లేకుండా నున్నగా ఉంటే ఫ్లాట్ ఫ్రంట్. మా ఊరి టైలర్ భాషలో "ప్లెయిను".

ఇంతకీ ఆ మడత అక్కడ ఎందుకుంది? అలంకారానికా? కాదు. మనిషి నిలబడినప్పుడూ కూర్చున్నప్పుడూ ఒకే కొలతలో ఉండడు. కుర్చీలో కూలబడగానే తొడలు వెడల్పవుతాయి, సీటు పరుచుకుంటుంది. నమ్మకపోతే టేపు తీసుకుని నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి కొలుచుకోండి. ఆ పెరిగిన కొలతకి గుడ్డ ఎక్కణ్ణుంచో రావాలి కదా! ప్లీటుంటే ఆ మడతలోంచి వస్తుంది. ఒక్కో మడతలో అంగుళం అటూ ఇటూగా గుడ్డ దాక్కుని ఉంటుంది. కూర్చుంటే విచ్చుకుంటుంది, లేస్తే మూసుకుంటుంది. ఫ్లాట్ ఫ్రంట్‌లో ఆ దాచిన గుడ్డ లేదు. కాబట్టి అది దొరికిన చోటల్లా లాక్కుంటుంది. జేబులు రెండూ ఏనుగు చెవుల్లా తెరుచుకుంటాయి. తొడల మొదట్లో అడ్డగీతలు పడతాయి. జేబులో ఫోను తొడలోకి దిగబడుతుంది. వెనక కుట్టు మీద భారం పడీ పడీ, ఒకానొక శుభముహూర్తాన కింద పడ్డ పెన్ను తియ్యబోతే... సరే, అనుభవమున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు :)

మన భాషలో చెప్పాలంటే ఫ్లాట్ ఫ్రంట్ అనేది మామూలు లోడుకి కట్టిన సర్వరు. ప్లీటు పీక్ లోడుకి కట్టింది. ట్రయల్ రూములో అద్దం ముందు నిలబడి, పొట్ట లోపలికి పీల్చి, "బానే ఉందే" అనుకుంటామే, అది డెమో. ప్రొడక్షన్ అంటే డెస్కు ముందు తొమ్మిది గంటలు, మధ్యలో క్యాంటీన్ కుర్చీ, ఆపైన గచ్చిబౌలి ట్రాఫిక్కులో క్యాబు వెనక సీటు. ఎప్పుడైనా ట్రయల్ రూములో కూర్చుని చూశారా? నేనైతే చాలా ఏళ్ళు చూడలేదు. టెస్టింగు లేకుండా రిలీజ్ చెయ్యకూడదని జూనియర్లకి క్లాసులు పీకుతూనే చూడలేదు.

ఈ లోపానికి కంపెనీలు వేసిన హాట్‌ఫిక్స్ పేరు "స్ట్రెచ్". 1958లో డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టిన స్పాండెక్స్ దారం, మనవాళ్ళు లైక్రా అంటారే, అదే ఇది. గుడ్డలో ఓ రెండు మూడు శాతం కలిపితే సాగుతుంది. మంచిదే, కాదన్ను. కానీ ఆ దారానికి వేడి పడదు. మన వీధి చివర ఇస్త్రీ బండి మీద బొగ్గుల పెట్టె ఎంత వేడిమీద ఉంటుందో మీకు తెలుసు. కొన్నాళ్ళకి సాగింది సాగినట్టే ఉండిపోతుంది, మోకాళ్ళ దగ్గర సంచులు వేలాడతాయి. మడతకి ఆ బాధ లేదు. అది ఉత్త గుడ్డ, ఎన్నిసార్లయినా విచ్చుకుంటుంది.

అయినా మడతలు మనకేమన్నా కొత్తా? కుచ్చిళ్ళు పోసి కట్టిన పంచె మొత్తం ప్లీట్లేగా! తాతలు వాటిని సోకు కోసమే పోసుకోలేదు. పంక్తిలో బాసింపట్టు వేసుకుని కూర్చోవాలన్నా, పొలం గట్టు దాటాలన్నా కాళ్ళకి కావలసిన గుడ్డ ఆ కుచ్చిళ్ళలోంచే వచ్చేది. చీరకి కుచ్చిళ్ళు చాలకపోతే అడుగు పడదని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. ఇంట్లో అందరికీ తెలిసిన ఈ ముక్క, ఇంజనీరింగు చదివిన మనకే తెలియకుండా పోయింది.

"కానీ బాసూ, ప్లీట్లు పాతబడిపోయాయి కదా!" అంటారు. ఎవరు తేల్చారండీ? ఎప్పుడు తేల్చారు? చరిత్ర కాస్త తిరగేద్దాం. రెండో ప్రపంచ యుద్ధంలో ఉన్ని ఆదా చెయ్యటానికి అమెరికా ప్రభుత్వం 1942లో మగవాళ్ళ సూట్ల మీద ఆంక్షలు పెట్టింది. ప్యాంటు కాళ్ళ దగ్గర మడత ఉండకూడదు, నడుం దగ్గర ప్లీటు ఉండకూడదు. అంటే అప్పుడు ప్లీటు పోయింది బాగోలేక కాదు, గుడ్డ లేక. ఆ మరుసటేడు, 1943 జూన్‌లో, లాస్ ఏంజిలెస్‌లో జూట్ సూట్లు వేసుకున్న మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్ళని నావికులు వీధుల్లో వెంటాడి కొట్టారు, ఒంటిమీద బట్టలు ఊడదీశారు. ఆ సూట్ల ప్యాంట్లు నడుం దగ్గర ప్లీట్లతో, తొడల దగ్గర బుడగల్లా ఉండేవి. లోపలున్నది జాతిద్వేషం, పైకి చెప్పిన సాకు గుడ్డ దుబారా. మన దగ్గర "అంకుల్ ప్యాంటు" అని వెక్కిరించి వదిలేస్తున్నారు, అంతవరకూ నయమే.

ఇంక మన ఆఫీసు బట్టల సంగతి. లెవీ స్ట్రాస్ కంపెనీ 1986లో డాకర్స్ అని ఖాకీ ప్యాంట్లు దింపింది. ఆ తర్వాత, 1992లో, ఆఫీసుకి క్యాజువల్స్ ఎలా వేసుకురావాలో బొమ్మలేసి చూపిస్తూ ఒక చిన్న పుస్తకం అచ్చేసి అమెరికాలో పాతికవేల మంది హెచ్‌ఆర్ వాళ్ళకి పంపింది. బట్టలమ్మేవాడు పంపిన కరపత్రం హెచ్‌ఆర్ పాలసీ అయి కూర్చుంది! మనం శుక్రవారం శుక్రవారం అనుభవిస్తున్న స్వేచ్ఛలో దాని వాటా కూడా ఉంది. ఆ రోజుల్లో ఖాకీ అంటే ప్లీట్లు ఉండాల్సిందే. తర్వాత అదే మార్కెట్టు ప్లీట్లని అంకుళ్ళ ఖాతాలో వేసి ఫ్లాట్ ఫ్రంట్లు అమ్ముకుంది. ఇప్పుడు ఫోను తెరిస్తే చాలు, "గుర్ఖా ప్యాంట్లు", "కొరియన్ ప్యాంట్లు" అని ప్రకటనలు. కాస్త దగ్గరగా చూడండి. నడుం కింద రెండేసి ప్లీట్లు! నిన్న మొన్నటిదాకా నవ్వినవాళ్ళే ఆర్డర్ పెడుతున్నారు. పేరు మార్చి ఇస్తే ఏదైనా కొంటామన్నమాట.

మరీ నీతులు చెబుతున్నానేమో, నా బాగోతం కూడా చెప్పేస్తాను. 2019లో ఉద్యోగంలో చేరబోయే ముందు నాన్న తెనాలిలో రెండు ప్యాంటు బిట్లు కొని, తను పాతికేళ్ళుగా కుట్టించుకుంటున్న టైలర్ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన పొడవు, నడుము, సీటు, తొడ, బాటమ్ అన్నీ కొలిచి, చివర్లో స్టూలు మీద కూర్చోబెట్టి నడుం దగ్గర్నుంచి స్టూలు దాకా ఇంకో కొలత తీసుకున్నాడు. "ఏం పని బాబూ?" అనడిగాడు. కంప్యూటర్ పని అన్నాను. "కూర్చునే పనేగా, అయితే ఒక ప్లీటు పెడతాను" అన్నాడు.

ఇప్పుడు తలుచుకుంటే అనిపిస్తుంది, నా ప్యాంటుకి రిక్వైర్‌మెంట్ అడిగిన ఒకే ఒక్క మనిషి ఆయన.

చేరిన మొదటి వారమే టీంలో ఒకడు "ఏంట్రా, మీ నాన్న ప్యాంటు వేసుకొచ్చావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ శనివారమే మూడు స్లిమ్ ఫిట్లు కొన్నాను. సంక్రాంతికి ఇంటికెళితే నాన్న అడిగారు, "ఆ ప్యాంట్లు సరిపోలేదా?" అని. "మా ఆఫీసులో అలాంటివి వెయ్యనివ్వరు నాన్నా" అని అబద్ధం చెప్పాను. ఆయన ఇంకేం అడగలేదు. మళ్ళీ నాకోసం బిట్టు కొననూ లేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. రెండేళ్ళు లుంగీలో కూర్చుని పనిచేసి, 2022లో మళ్ళీ ఆఫీసుకి రమ్మనేసరికి మూడు స్లిమ్ ఫిట్లలో ఒక్కటీ తొడ దాటి పైకి రాలేదు. మాదాపూర్‌లో ఆల్టరేషన్ చేసే ఆయన దగ్గరికి పట్టుకెళితే తిరగేసి చూసి, "లోపల గుడ్డ వదల్లేదు సార్, ఏం విప్పమంటారు?" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చాయి అలమరా అడుగున పడేసిన తెనాలి ప్యాంట్లు. వెనక కుట్టులో రెండు వైపులా అంగుళం చొప్పున గుడ్డ వదిలి ఉంది. పావుగంటలో నడుము రెండంగుళాలు పెరిగింది. తొడల సంగతి ప్లీటే చూసుకుంది. అప్పట్నుంచీ అవే వేసుకుంటున్నాను.

ఈ సంగతి చెప్పి ఇంకో రెండు కుట్టిద్దామని వెళితే ఆ షాపు లేదు. స్కూళ్ళు తెరవక యూనిఫాంల పని పోయి, పెళ్ళిళ్ళ పని పోయి, 2021లోనే ఎత్తేశాడట. ఇప్పుడాయన ఒక రెడీమేడ్ షోరూములో, కొన్నవాళ్ళ ఫ్లాట్ ఫ్రంట్లకి పొడవు తగ్గించి కింద కుడుతున్నాడు. నా నవ్వు ఒక్కదానివల్ల ఆయన షాపు మూతపడిందని అనను. కానీ అలాంటి నవ్వులు కొన్ని లక్షలు కలిశాయి. అందులో నాదొకటి.

ప్లీట్ల తప్పుల్లేవా అంటే ఉన్నాయి. తొంభైల్లో హీరోలు వేసిన బ్యాగీ ప్యాంట్లు చూసే చాలామందికి విరక్తి పుట్టింది, నిజమే. అయితే అక్కడ తప్పు మడతది కాదు, తొడ నుంచి కాలి దాకా గోనెసంచిలా వదిలెయ్యటంది. రెండో తప్పు, ప్యాంటుని పొట్ట కిందకి జార్చి బెల్టు బిగించటం. ప్లీటు నడుం దగ్గరుంటేనే పనిచేస్తుంది, కిందకి జారితే నిలబడినా నోరు తెరుచుకునే ఉంటుంది. సన్నటి తొడలున్నవాళ్ళకి, రోజంతా నిలబడి పనిచేసేవాళ్ళకి ఫ్లాట్ ఫ్రంట్ హాయిగా సరిపోతుంది. జీన్సుకి ప్లీట్లు పెట్టమని నేనూ అనను. ఇస్త్రీ కొంచెం కష్టమే, ఒప్పుకుంటాను. ప్లీటు, కాలి మీద గీత ఒకే వరసలో రావాలి. లేకపోతే రెండు గీతలు పడి రైలు పట్టాల్లా ఉంటుంది. ఇస్త్రీ చేసేవాళ్ళకి ఒకసారి చూపిస్తే చాలు, మళ్ళీ చెప్పక్కర్లేదు.

కూర్చుని బతికేవాళ్ళకి నా స్పెసిఫికేషన్ ఇదీ: బొడ్డుకి కాస్త కింద నిలిచే నడుము, ఒక్కటే ప్లీటు, తొడ దగ్గర చాలినంత లూజు, కిందకి వచ్చేకొద్దీ సన్నం, వెనక కుట్టులో అంగుళం గుడ్డ. టెస్ట్ కేసులు రెండే. నిలబడితే ప్లీటు మూసుకుని ఉండాలి. కూర్చుంటే జేబులు తెరుచుకోకూడదు. ఈ రెండోది ఫ్లాట్ ఫ్రంట్ కూడా పాసయితే దాన్నే కొనుక్కోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ పరీక్ష పెట్టకుండా "ముసలాళ్ళ ప్యాంటు" అనే కోడ్ రివ్యూ కామెంటుని మాత్రం నేను ఒప్పుకోను.

మీ ఊళ్ళో ఇంకా ఒక టైలర్ మిగిలి ఉంటే ఈసారి పండక్కి ఒక బిట్టు పట్టుకెళ్ళండి. ఏం పని చేస్తావని అడిగితే సిగ్గుపడకుండా చెప్పండి, కూర్చునే పనని. నేను మాత్రం ఈసారి రెండు బిట్లు కొంటున్నాను, నాకొకటి, నాన్నకొకటి. ఆ అబద్ధం సంగతి కూడా అప్పుడే చెప్పెయ్యాలి.