దాచుకున్నదెవరు? దాచమన్నదెవరు?

నేరేడ్‌మెట్‌లో ఇల్లు అద్దెకు అడగబోతే మొదటి ప్రశ్న అద్దె గురించి రాదు. ఊరేది, ఇంటిపేరేంది, మాంసం తింటారా, చివరికి ‘మీరేమిట్లు’ అని వస్తుంది. చుట్టూ సైనిక్‌పురి, వాయుపురి, డిఫెన్స్ కాలనీ. దేశం కోసం తుపాకి పట్టిన చేతులు కట్టిన కాలనీలు. అక్కడా ఇదే ప్రశ్న. పల్లెలో వాడ ఎక్కడుందో అందరికీ తెలుసు, అడగక్కర్లేదు. పట్నంలో వాడ కనపడదు కనుక నోటితో అడుగుతరు. అడిగితే మన పిల్లలు ఏం చెప్తున్నరు? ఒకడు ఇంటిపేరు మింగేస్తడు. ఒకామె అంబేద్కర్ పటాన్ని పెట్టెలోంచి బయటికి తియ్యదు. ఇంకొకాయన ఊరి నుంచి అమ్మ వస్తానంటే ‘ఇప్పుడొద్దులే’ అంటడు.

వీళ్ళని చూసి నవ్వేవాళ్ళున్నరు. ‘కులం దాచుకుంటున్నడు, సిగ్గులేదు’ అనేవాళ్ళు మన సంఘాల్లోనూ ఉన్నరు. మేం వేరే మాట అడుగుతున్నం. దాచుకున్నోడిది సిగ్గా, దాచుకునేదాకా తరిమినోడిది సిగ్గా?

ఈ ప్రశ్న మన ఒక్కరిదే కాదు. అమెరికాలో నల్లవాళ్ళు దీన్ని తరాలుగా మోస్తున్నరు. నల్లవాళ్ళలో ఒళ్ళు తెల్లగా ఉన్నవాళ్ళు తెల్లవాళ్ళమని చెప్పుకొని బతకడాన్ని అక్కడ ‘పాసింగ్’ అంటరు. దాని మీద హాలీవుడ్ వాళ్ళు ఒకే కథను రెండుసార్లు తీసిన్రు. పేరు ‘ఇమిటేషన్ ఆఫ్ లైఫ్’. ఫానీ హర్స్ట్ అనే తెల్ల రచయిత్రి 1933లో రాసిన నవల అది. 1934లో ఒకసారి, 1959లో డగ్లస్ సిర్క్ దర్శకత్వంలో రెండోసారి సినిమాగా వచ్చింది.

రెండో సినిమా కథ ఇది. లోరా అనే తెల్ల నటి. ఆమె ఇంట్లో ఆనీ అనే నల్ల పనిమనిషి. ఇద్దరికీ చెరో కూతురు. ఆనీ కూతురు సారా జేన్ ఒళ్ళు తెల్లగా ఉంటుంది. బడిలో తెల్లపిల్లగా చెలామణి అవుతుంది. ఒకరోజు తల్లి బడికి వస్తుంది. నల్ల తల్లిని టీచర్ చూస్తుంది, పిల్లలు చూస్తరు, గుట్టు రట్టవుతుంది. పెద్దయినాక ప్రేమించిన తెల్ల కుర్రాడు, తల్లి నల్లదని తెలిసి ఆమెను కొడతడు. పిల్ల ఇల్లు విడిచి పారిపోయి నైట్ క్లబ్బుల్లో ఆటగత్తె అవుతుంది. తల్లి వెతుక్కుంటూ పోతుంది. తోటి ఆటగత్తె గదిలోకి రాగానే ఆ తల్లి, కన్నతల్లినని చెప్పదు. ఒకప్పుడు ఈ పిల్లను సాకిన ఆయాను అని చెప్పి వచ్చేస్తుంది. ఆ దిగులుతోనే చచ్చిపోతుంది. చివర పెద్ద శవయాత్ర. తెల్లగుర్రాల బండి. కూతురు పరుగెత్తుకొచ్చి శవపేటిక మీద పడి, అమ్మను నేనే చంపుకున్నానని ఏడుస్తుంది. హాలంతా ఏడుస్తుంది.

అక్కలారా, తమ్ముళ్ళారా, ఇక్కడే ఆగి చూడండి. ఈ ఏడుపు ఎవరి లెక్క సరిచేస్తున్నది?

కొట్టినోడు ప్రేమించిన కుర్రాడు. గీత గీసింది తెల్లసమాజం. కానీ తల్లిని చంపింది ఎవరంటే, సినిమా వేలు పెట్టి చూపిస్తున్నది కూతురిని. గీత గీసినవాళ్ళు హాల్లో కూర్చొని, కళ్ళు తుడుచుకొని, చేతులు కడుక్కొని ఇంటికి పోయిన్రు. కరుణతో వచ్చిన చిక్కు ఇదే. అది చచ్చిన తల్లికి దండం పెడుతుంది, బతికున్న కూతురికి గది అద్దెకియ్యదు.

అయితే ఈ సినిమాలోనే ఒక నిజం జారిపడ్డది. తనకు బోలెడంత మంది స్నేహితులున్నరని ఆనీ ఒకసారి చెప్తుంది. లోరా ఆశ్చర్యపోతుంది, నాకు తెలియనే తెలియదే అంటుంది. మీరెన్నడూ అడగలేదుగా అంటుంది ఆనీ. ఏండ్ల తరబడి ఒకే కప్పు కింద ఉండి కూడా లోరా ఆమె బతుకు గురించి అడగలేదు. మన ఊళ్ళలో దొర ఇంటి ముందు మూడు తరాలు ఊడ్చిన అవ్వ కూడా ఈ మాటే చెప్తది. కులం అడిగిన్రు, కష్టం అడగలేదు.

ఇంకొక సంగతి. 1934 సినిమాలో తెల్లదానిగా చెలామణి అయ్యే పిల్ల వేషం వేసింది ఫ్రెడీ వాషింగ్టన్, నిజంగా నల్లజాతి మనిషి. ఒళ్ళు తెల్లగా ఉన్నా, తెల్లదాన్నని చెప్పుకోవడానికి ఆమె ఒప్పుకోలేదు. 1937లో నల్లజాతి నటుల సంఘం పెట్టినవాళ్ళలో ఆమె ఒకరు. 1959కి వచ్చేసరికి అదే వేషం నల్లజాతి పిల్లకు రాలేదు. సూసన్ కోనర్‌కు ఇచ్చిన్రు. తల్లి మెక్సికో నటి, తండ్రి యూదు సినిమా వ్యాపారి. పాతికేండ్లు గడిస్తే ముందుకు పోవాలి. వేషం మాత్రం వెనక్కి పోయింది.

మరి తెర వెనక? మెర్ల్ ఒబెరాన్ అని హాలీవుడ్ తార. 1911లో బొంబాయిలో పుట్టింది, ఇంగ్లీషు రక్తం, మన దేశపు రక్తం కలిసిన మనిషి. ఆస్ట్రేలియా పక్కనున్న టాస్మేనియా దీవిలో పుట్టానని చెప్పుకొని బతికింది. 1935లో వచ్చిన సినిమాకు ఉత్తమ నటిగా ఆస్కార్ పోటీలో నిలబడ్డది. తనను పెంచిన నల్లని ఒంటి తల్లిని ఇంట్లో పనిమనిషిగా చూపించుకున్నదని ఆమె జీవితం రాసినవాళ్ళు చెప్తరు. 1979లో చనిపోయింది. అసలు పుట్టుక సంగతి లోకానికి గట్టిగా తెలిసింది ఆ తర్వాతే. సినిమాలో ఆనీ అబద్ధం, బయట మెర్ల్ అబద్ధం ఒక్కటే. రెండుచోట్లా తల్లి పనిమనిషి అయింది. కూతుళ్ళు చెడ్డవాళ్ళయి కాదు, తల్లిని తల్లి అని పిలిస్తే అన్నం దొరకని ఏర్పాటు చేసి పెట్టినందుకు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం.

1938లో తెలుగులో ‘మాలపిల్ల’ వచ్చింది. గూడవల్లి రామబ్రహ్మం దర్శకుడు, కథ చలం, మాటలు తాపీ ధర్మారావు. గుడి ప్రవేశం మాట ఎత్తడమే పాపమనే రోజుల్లో, బ్రాహ్మణ పిల్లవాడు మాలపిల్లను ప్రేమించిన కథ తెర మీద చూపించిన్రు. ఆ మేరకు మేం కాదనం. ఆ ధైర్యానికి దక్కాల్సింది దక్కాలి. కానీ లెక్క పూర్తిగా చూడాలి. డబ్బు వెనక చల్లపల్లి జమీందారు. మాలపిల్ల సంపాలత వేషం కాంచనమాలది, అప్పటికే పేరున్న తార. మాలపిల్ల పేరు గోడగోడకూ అంటించిన్రు. మాలవాడ పిల్లను మాత్రం స్టూడియో గడప ఎక్కించలేదు.

వాళ్ళు మన వేషం వెయ్యొచ్చు. మరి మనం వాళ్ళ వేషం వేస్తే?

దీనికి జవాబు తిరువనంతపురంలో ఉంది. మలయాళంలో మొదటి సినిమా ‘విగతకుమారన్’. జె.సి. డేనియల్ తీసి, 1930 ప్రాంతంలో కాపిటల్ థియేటర్లో ఆడించిండు. కథానాయిక పి.కె. రోసీ. పులయ కులం, మన అంటరాని కులాల్లో ఒకటి. గడ్డి కోసుకునే బతుకు, నాటకాల్లో ఆడిన అనుభవం. ఆమె వేసింది నాయర్ ఇంటి ఆడమనిషి వేషం. అంటరాని పిల్ల నాయర్ స్త్రీగా కనబడుతుందా అని పెద్దకులాలోళ్ళు తెర మీద రాళ్ళు రువ్విన్రు. సొంత సినిమాను ఆమె హాల్లో కూర్చొని చూడలేకపోయింది. ఆమె గుడిసెకు నిప్పు పెట్టిన్రని చెప్తరు. ఆమె లారీ ఎక్కి తమిళ దేశం పారిపోయింది. ఆ లారీ నడిపిన కేశవ పిళ్ళైని పెళ్ళాడి, రాజమ్మాళ్ పేరుతో బతికి, ఆ పేరుతోనే పోయింది. మళ్ళీ కెమెరా ముందుకు రాలేదు. ఆ సినిమా రీలు మిగల్లేదు. ఇది కచ్చితంగా ఆమె ఫోటోయే అని చెప్పగలిగిన ఫోటో ఒక్కటీ మిగల్లేదు. 2013లో డేనియల్ బతుకు మీద, ఆమె కథ కూడా చెప్తూ ‘సెల్యులాయిడ్’ సినిమా వచ్చింది. 2023 ఫిబ్రవరి 10న గూగుల్ వాడు ఆమె బొమ్మ పెట్టిండు. బతికినన్నాళ్ళు పేరు లాక్కున్నరు, పోయినాక దండలు వేస్తున్నరు.

ఇప్పుడు చెప్పండి, ‘గతం దాచిన నటి’ అంటే ఎవరు? హాలీవుడ్ కథలో ఆ మాట వింటే ఏదో తప్పు చేసిన ఆడది గుర్తొస్తుంది. రోసీ చేసిన తప్పేంటి? నటించడం. ఆమె గతం దాచుకోలేదు, ఆమె గతాన్ని కాల్చిన్రు. రెంటికీ తేడా ఉంది.

సినిమాకు చాలా ముందునుంచే మన ఆడవాళ్ళు ఆటలో ఉన్నరు. ఈ సంగతి సినిమా చరిత్ర రాసేవాళ్ళకు పట్టదు. తెలంగాణ పల్లెల్లో చిందు భాగోతం చూడని పెద్దమనిషి లేడు. మాదిగలను ఆశ్రయించి బతికే చిందోళ్ళలో మగా ఆడా ఇద్దరూ గజ్జె కట్టిన్రు. నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ పేరు ఎవరికి తెలియదు? ముఖానికి అర్దళం పూసుకొని ఎల్లమ్మ దేవతై వస్తే ఊరు ఊరంతా దండం పెట్టేది. తెల్లారి ముఖం కడుక్కున్న చిందామెను అదే ఊరు వాకిట్లోనే నిలబెట్టేది. రంగు ఉన్నంతసేపు దేవత, కడుక్కుంటే అంటరానిది. అయినా చిందోళ్ళు కులం దాచలేదు. జాంబవ పురాణం ఆడి, మన పుట్టుకను నడిబజార్లో నిలబడి చెప్పిన్రు.

ఈ సికింద్రాబాద్, హైదరాబాద్ నేల మీద కూడా దాచుకోవడానికి ఎదురు దారి వేసినవాళ్ళున్నరు. 1888లో పుట్టిన మాదరి భాగయ్య, మన భాగ్యరెడ్డివర్మ. ‘మమ్మల్ని పంచములు అనొద్దు, ఈ నేలకు మొదటి వారసులం, ఆదిహిందువులం’ అని నిలబడ్డడు. 1931 జనాభా లెక్కల్లో ఆ పేరు ఎక్కించిన్రు. మన ఆడపిల్లలను దేవుడి పేరు మీద ఊరికి వదిలే జోగిని ఆచారం మీద కూడా ఆయన పోరాడిండు. ఆ ఆచారాన్ని నేరం చేస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది 1988లో. ఆయన పోయిన 49 ఏండ్లకు! ఆ జోగినుల బిడ్డలు ఇవాళ పట్నాల్లో పనిచేసుకుంటున్నరు. తల్లి గతం చెప్పలేదని వాళ్ళను నిలదీసే హక్కు ఎవరికుంది?

‘ఇప్పుడు కులమెక్కడిది, ప్రేమిస్తే సరి’ అని సినిమావాళ్ళు అంటున్నరు. సినిమాలో మాలపిల్ల ప్రేమ కలకత్తా పోయి బతికింది. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ను, కడుపుతో ఉన్న భార్య పక్కనుండగా, ఆసుపత్రి ముందు నరికిన్రు. నల్గొండ కోర్టు తీర్పు 2025 మార్చిలో వచ్చింది. ప్రణయ్ కులం దాచలేదు. దాచనందుకు కట్టిన వెల అది. ఇది తెలిసిన తల్లి తన కొడుక్కి ‘ఇంటిపేరు చెప్పకు నాయనా’ అంటే, ఆ తల్లిది పిరికితనం అని మేం అనలేం.

మరి దాచుకోవడమే దారా? కాదు. దాచినోడు రోజూ భయపడాలి. ఊరి నుంచి ఫోనొస్తే భయం, చుట్టం వస్తే భయం, పిల్ల బడిలో ఫారం నింపితే భయం. ఒక్కడు దాచుకుంటే ఒక్కడికి గది దొరుకుతుంది, పది మందికి ఆ వాకిలి మూసే ఉంటుంది. అయితే ధైర్యంగా చెప్పుకో అని ఒక్కణ్ణి ముందుకు తోసి మనం వెనక నిలబడితే అదీ మోసమే. బయటపడిన మనిషి వెనక సంఘం ఉండాలి.

అందుకని మేం చెప్పేది మూడు మాటలు.

ఒకటి. కులం దాచుకున్న మనవాళ్ళను ఎగతాళి చెయ్యడం ఆపండి. వాళ్ళ ఇంటికి పొండి, మీటింగుకు పిలవండి. చెప్పుకునే రోజు వాళ్ళే చెప్పుకుంటరు.

రెండు. కులం అడిగి ఇల్లు లేదన్నచోట నోరు మూసుకొని రాకండి. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని ఏ రూపంలోనూ ఒప్పుకోదు. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం 4వ సెక్షన్, అంటరానితనం పేరుతో ఏ పేటలోనైనా ఇల్లు కొనకుండా, కట్టకుండా, అందులో ఉండకుండా అడ్డుకోవడాన్ని నేరమన్నది. తారీఖు, మాట, విన్న సాక్షి, మూడూ కాగితం మీద రాయండి. ఒక్కరు పోకండి, నలుగురు పొండి.

మూడు. మీ ఊళ్ళో గజ్జె కట్టిన అవ్వలు, తాతలు బతికుంటే వాళ్ళ మాట రికార్డు చెయ్యండి, పేరు రాసుకోండి, ఫోటో తియ్యండి. రోసీకి మిగలనిది వాళ్ళకు మిగలాలి.

‘ఇమిటేషన్ ఆఫ్ లైఫ్’ అంటే నకిలీ బతుకు. మన పిల్లల బతుకు నకిలీ కాదు. వాళ్ళ పేరు అసలుది, తల్లి అసలుది, చెమట అసలుది. నకిలీది, ‘మాకు కులం పట్టింపు లేదండీ’ అంటూ ఇంటిపేరు అడిగే ఆ మర్యాద. దాని ముఖానికున్న రంగు కడగాలి.

జై భీమ్.