మూసిన లోహపేటికలు

మన టేకుమట్ల పాఠశాల పునాదియందు ఒక లోహపేటికను పాతి, నూరేండ్లకు తెరవవలెనని పైతరగతుల విద్యార్థులు కొందరు కోరుచున్నారు. కోరిక మంచిదే. కాని పాతుటకంటె తెరచుట కష్టమని మేము తలంచుచున్నాము.

మన సీమలో నేల క్రింద బిందె కనబడెనన్న చాలు, లంకెబిందెలని గునపములు లేచును. 2021 ఏప్రిల్‌లో జనగామ చెంత పెంబర్తిలో నేల చదును చేయుచుండగా రాగిపాత్రయు, అందు బంగారు వెండి నగలును బయల్పడెను. బంగారము దెబ్బకు తాళును, కాగితము తాళదు.

అమెరికాలోని బోస్టను నగరమున 1795లో పునాదిరాతి క్రింద ఉంచిన వస్తువులను 1855లో ఇత్తడిపెట్టెలోనికి మార్చిరి. 2015 జనవరిలో మ్యూజియమువారు దానిని తెరచిరి. ముందే ఎక్స్‌రే తీసి లోపలివానిని కనిపెట్టిరి. పిదప మరలను వదులుచేసి, దంతవైద్యుని పనిముట్టుతోను ముళ్లపంది ముల్లుతోను వస్తువులను సడలించిరి. నాణెములు, వార్తాపత్రికలు చెడక చేతికి వచ్చెను.

టంకము వేసిన మూతను మంటతో కరగించుట తప్పు. లోని కాగితము మాడును. తడిసి అంటుకొన్న పుటలను అప్పుడే విడదీయరాదు.

2023 ఆగష్టులో వెస్ట్‌పాయింటు సైనిక విద్యాలయమున అందరియెదుట సీసపుపెట్టె తెరవగా బురదయే కనబడెను. దానిని పారవేయక వెదకగా వెండినాణెములు దొరకెను. మన ఊరనైనచో ఆ బురద పెంటకుప్ప చేరియుండును!

పెట్టె పెట్టుటయే నిశ్చయమైనచో, చెమ్మ చేరు పునాదిలో గాక గోడయందు ఉంచుదము. మూతకు టంకము గాక మరలు బిగింతము. వస్తువుల పట్టికను పాఠశాల దస్త్రమున వ్రాయుదము. తెరచునాడు సభయు పూలదండలును వలదు. ఒక బల్లయు, ఓపికగల ఇద్దరును చాలును.