చేద అడిగితే బావి తవ్వమంటారు

పక్క వీధి బావిలో నీళ్ళు తోడుకోవడానికి ఒక చేద కావాలని అడిగినవానికి, నీ పెరట్లోనే బావి తవ్వించుకోరాదా అని సలహా చెప్పేవారుంటారా? కంప్యూటర్ల లోకంలో కోకొల్లలుగా ఉన్నారు. దూరాన ఉన్న సర్వరులోని డేటాబేసును చూడడానికి ఏమి కావాలని ఎవరినైనా అడిగి చూడండి. "మైఎస్‌క్యూఎల్ వేసెయ్యండి సార్, అన్నీ వచ్చేస్తాయి" అంటారు. ఆ "అన్నీ" అన్న మాటతోనే నా పేచీ.

నిజానికి కావలసినది ఒక్క చిన్న ప్రోగ్రాము. మన ప్రశ్నను మోసుకొనిపోయి, జవాబు తెచ్చి తెరమీద పెట్టే వార్తాహరుడు. ఉబుంటులో దాని పేరు మైఎస్‌క్యూఎల్-క్లయింట్. పోస్ట్‌గ్రెస్ వాడేవారికి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-క్లయింట్. విండోసులో పోస్ట్‌గ్రెస్ ఇన్‌స్టాలరు సైతం "కమాండ్ లైన్ టూల్స్" ఎదుట టిక్కు ఉంచి, సర్వరు ఎదుట తీసివేసే వీలు కల్పిస్తుంది. తయారుచేసినవారు ఇంత శ్రద్ధగా వేరుచేసి పెట్టినదాన్ని, సలహాలిచ్చేవారు మళ్ళీ మూటగట్టి మన నెత్తిన పెడతారు.

"డిస్కులో బోలెడు చోటుంది, పడి ఉంటే నష్టమేమిటి?" అంటారు. చోటు గురించి నాకు బెంగ లేదు. నా నష్టమేమిటో చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం ఒక గ్రంథాలయం పుస్తకాల జాబితాను సరిదిద్దే పని ఒప్పుకున్నాను. జీతం లేని పని, ఇష్టమైన పని. జాబితా వారి సర్వరులో ఉండేది. 3306 పోర్టును బయటివారికి మూసి ఉంచారు. అది సరైన పనే. అందుచేత ఎస్‌ఎస్‌హెచ్ సొరంగం ఏర్పాటు చేసుకున్నాను. నా యంత్రంలో 3307 తలుపు తడితే అక్కడ వారి 3306 పలుకుతుంది. అయితే అంతకుముందే ఒక పెద్దమనిషి మాట విని, నా ల్యాప్‌టాపులో సర్వరు కూడా వేసుకొని, అభ్యాసానికని ఆ జాబితా నకలు అందులో పెట్టుకొని ఉన్నాను. గుర్తుండాలని అక్కడి పేరూ, సంకేతపదమూ ఇక్కడా అవే. (బుద్ధితక్కువ పనే, ఒప్పుకుంటున్నాను.)

హోస్టు పేరు లోకల్‌హోస్ట్ అని, పోర్టు 3307 అని ఇచ్చి లోపలికి వెళ్ళాను. కాని యూనిక్సు తరహా యంత్రాలలో మైఎస్‌క్యూఎల్ క్లయింటు చెవిన లోకల్‌హోస్ట్ అన్న మాట పడితే అది నెట్‌వర్కు దారిన పోదు. ఒక సాకెట్ ఫైలు గుండా ఇంట్లో ఉన్న సర్వరునే చేరుకుంటుంది. మనమిచ్చిన పోర్టు అంకెను లెక్కచేయదు. 127.0.0.1 అని వ్రాసి ఉంటే సొరంగంలోకి పోయేది. నాకది తెలియదు. లోపల పట్టికలు అవే, పుస్తకాలూ అవే. నాలుగు రాత్రులు కూర్చుని రచయితల పేర్లలోని అచ్చుతప్పులన్నీ దిద్దాను. పని ముగిసిందన్న సంతోషంలో ల్యాప్‌టాపును తుడిచి కొత్త ఉబుంటు వేశాను. ఆ మరునాడు గ్రంథాలయం నుండి ఫోను: "ఏమండీ, ఎప్పుడు మొదలుపెడతారు?"

నా ఇంట్లో ఆ సర్వరు లేకుంటే ఏమయ్యేది? మొదటి రాత్రే ఎర్రరు 2002 వచ్చి, సాకెట్ ద్వారా లోకల్ సర్వరును చేరలేకపోయానని మొహాన చెప్పేది. పది నిమిషాలు తల గోక్కునేవాణ్ణి. నాలుగు రాత్రులు దక్కేవి.

నాది ఒక్కడి నష్టం. 2003 జనవరి 25న స్లామర్ అనే పురుగు లోకాన్నే కుదిపింది. దాని పరిమాణం 376 బైట్లు. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వరులోని ఒక లోపం గుండా, దాదాపు పది నిమిషాల్లో, దొరకదగిన యంత్రాలలో అధికభాగాన్ని పట్టేసింది. ఆ లోపానికి మందు 2002 జూలైలోనే వచ్చింది. మరి వేసుకోలేదేం? వేరే సాఫ్ట్‌వేరుతో పాటు ఎంఎస్‌డీఈ అనే చిన్న సర్వరు కూడా తమ యంత్రంలో దిగి కూర్చున్నదన్న సంగతే ఎందరికో తెలియదు. ఉన్నదని తెలియనిదానికి మందెవరు వేస్తారు?

ఉబుంటులో సర్వరు వేసినా మామూలుగా 127.0.0.1కే చెవి ఒగ్గుతుంది, బయటి దొంగ రాడు అంటారు. నిజమే. నన్ను దోచినది బయటి దొంగ కాదు గదా! వేసిన క్షణం నుండి, యంత్రం లేచిన ప్రతిసారీ, పిలవకుండానే అదీ లేచి కూర్చుంటుంది. నేర్చుకునేవారు వేసుకోవద్దని నేననను. బావి కావలసినవారు తవ్వించుకోవలసిందే. క్లయింటు ఒక్కటే వేసుకున్నా దాని వయసు చూసుకోవాలన్నదీ నిజమే. పాత పీజీడంప్ తనకన్నా కొత్త తరం సర్వరు నుండి నకలు తీయనని మొండికేస్తుంది. కాని ఆ మొండితనం నాకిష్టం. కనీసం నోరు విప్పి చెబుతుంది.

ఇప్పుడు నా ల్యాప్‌టాపులో క్లయింటు ఒక్కటే ఉంది. గ్రంథాలయం జాబితాను మళ్ళీ మొదటినుండి దిద్దుతున్నాను. నిన్న రాత్రికి "చ" వరకు వచ్చింది.