రెండో సమయం ఎవరి చేతికి?

అంతర్వేదిలో మా దొడ్డమ్మ ఇంటి అరుగు మీద కూర్చుంటే సముద్రపు హోరు వినిపిస్తుంది. ఆవిడ కొడుకు కువైట్‌లో ఒక ఇంట్లో కారు నడుపుతాడు. రాజోలు ప్రాంతంలో ఇదేమీ విశేషం కాదు. గల్ఫుకు మనిషిని పంపని వీధి ఇక్కడ అరుదు. మొన్న సెలవుకు వచ్చినప్పుడు మా తమ్ముడి చేతికి రెండు సమయాలు చూపే గడియారం కనిపించింది. పై పలకలో కువైట్ సమయం, కింది పలకలో మన సమయం. అందరూ ముచ్చటపడ్డారు. నాకు మాత్రం ఒక సందేహం కలిగింది. ఈ గడియారం అవసరం వెళ్ళేవారికా, ఉండిపోయేవారికా?

ఉండిపోయేవారికే అని నా అభిప్రాయం.

వెళ్ళినవాడికి ఇంటి వేళలు కంఠతా వచ్చు. అక్కడి గంటకు రెండున్నర కలుపుకుంటే చాలు, అమ్మ ముగ్గు పెడుతోందో, దీపం వెలిగిస్తోందో కళ్ళకు కడుతుంది. దొడ్డమ్మకు ఆ సౌకర్యం లేదు. ఉదయం ఆరు గంటలకు, పనివాళ్ళు రాకముందే పలకరిద్దామని ఆవిడ ఫోను చేస్తే, అక్కడ మూడున్నర. యజమానులను ఏ అర్ధరాత్రో ఇంటికి చేర్చి అప్పుడే కన్ను మూసినవాడు ఉలిక్కిపడి లేస్తాడు. పరాయి దేశంలో ఉన్నవాడికి అకాలంలో ఇంటి నుంచి ఫోను వస్తే మనసుకు తోచేది ఒక్కటే. "ఏం లేదురా, ఊరికే చేశాను" అని ఆవిడ అనేదాకా వాడి ప్రాణం వాడి దగ్గర ఉండదు.

ఇక గడియారం సంగతి. 1950లలో రోలెక్స్ సంస్థ పాన్ అమెరికన్ విమాన చోదకుల కోసం చేసిన జీఎంటీ మాస్టర్ వంటి వాటిలో, రోజుకు ఒక్కసారే తిరిగే అదనపు గంటల ముల్లు ఉంటుంది. నిమిషాల ముల్లు మాత్రం రెండు సమయాలకూ ఒక్కటే. కనుక తేడా పూర్తి గంటల్లో ఉంటేనే అది సూటిగా చెబుతుంది. మన సమయం 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి, కువైట్ సమయం 45 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నిర్ణయమైనవి. నడుమ 37.5 డిగ్రీలు; డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున 150 నిమిషాలు. ఆ అరగంట దగ్గరే ఒంటి నిమిషాల ముల్లు చేతులెత్తేస్తుంది. మనవారికి పనికివచ్చేది రెండు పలకలూ, రెండు కీలూ వేరువేరుగా ఉన్న గడియారమే. ముందు ఇంటి సమయం సరిచేసి, రెండో పలకను దానికి రెండున్నర గంటలు వెనకగా పెడితే సరిపోతుంది. కువైట్‌లో వేసవికి గడియారాలు మార్చే పద్ధతి లేదు గనుక మళ్ళీ ముట్టుకోనక్కరలేదు.

అమెరికాలో ఉన్న మిత్రులకు ఇంత సుళువు కాదు. న్యూయార్కుకూ మనకూ తేడా చలికాలంలో పదిన్నర గంటలు, వేసవిలో తొమ్మిదిన్నర. అక్కడ పగలో రాత్రో పన్నెండు గంటల పలక చెప్పదు. ఇరవైనాలుగు గంటల పలక కావాలి. పైగా మార్చి రెండో ఆదివారం ముల్లును ఒక గంట ముందుకూ, నవంబరు మొదటి ఆదివారం ఒక గంట వెనక్కూ జరపమని ఇంటివారికి మీరే గుర్తుచేయాలి.

చేతిలో ఫోను ఉండగా ఇదంతా ఎందుకని అడగవచ్చు. నిజమే, ఏ ఊరి సమయమైనా అందులో దొరుకుతుంది. కానీ వెతికి చూడాలి, చదవడం రావాలి. దొడ్డమ్మకు అక్షరాలు రావు. ముళ్ళు చూసి వేళ చెప్పడం వచ్చు. వెతక్కుండా, రోజుకు పదిసార్లు యథాలాపంగా కంటపడితేనే ఆ రెండో సమయం మనదవుతుంది. మాఘ శుద్ధ దశమి రాత్రి నరసింహస్వామి కల్యాణ వేళ, ఇక్కడ పన్నెండున్నర అయితే కువైట్‌లో పది. కొడుకు పని ముగిసిందో లేదో ఆ తల్లి గుడి ముందు నిలబడే తెలుసుకోగలగాలి.

తమ్ముడితో ఈ మాటే అన్నాను. నవ్వాడు గాని, బయలుదేరేముందు గడియారం తీసి తల్లికిచ్చాడు. ఆవిడ చేతికి పెట్టుకోలేదు. దేవుడి పటం పక్కన మేకుకు తగిలించింది. మొన్న నేను వెళ్ళి "ఫోను చేశావా దొడ్డమ్మా?" అంటే, అటు చూసి, "వాడింకా లేవలేదురా" అంది.

మీ ఇళ్ళలో ఆ రెండో సమయం ఎవరి దగ్గర ఉందో ఒకసారి చూడండి.