తనవారి యెదుట నిలుచుట

నాయకుల ధైర్యమును గూర్చి మనము తఱచుగా చెప్పుకొను కథలలో ఎదిరింపబడువాడు పరపక్షమువాడై యుండును. 1928 ఫిబ్రవరి 3వ తేదీన, సైమన్ సంఘ బహిష్కార సందర్భమున, చెన్నపట్టణపు వీథిలో సిపాయి గురిపెట్టిన తుపాకికి ఱొమ్మొడ్డి నిలిచిన టంగుటూరి ప్రకాశం పంతులుగారిని జాతి ఆంధ్రకేసరి యని కొనియాడినది. ఆ కీర్తికి ఆయన సర్వవిధముల అర్హులు. అయినను ఆ క్షణమున పంతులుగారి వెనుక లక్షలాది ప్రజల హృదయము నిలిచియున్నది. ఆ హృదయమే ఎదురు తిరిగి, జయజయధ్వానములు చేసిన కంఠములే నిందావాక్యములు పలుకుచున్నప్పుడు, తాను ధర్మమని నమ్మినదానిని విడువక నిలుచుట అంతకంటెను దుష్కరమైన కార్యమని నా విశ్వాసము. తుపాకి యెదుట నిలిచినవానికి లభించు ప్రశంస తనవారి యెదుట నిలిచినవానికి లభింపదు గదా!

1922 ఫిబ్రవరి మాసమున గాంధీజీకి ప్రాప్తించిన పరీక్ష అట్టిది. బార్డోలీ తాలూకాలో శాసనోల్లంఘనమునకు సన్నాహములు ముగిసినవి. వారము దినముల గడువిచ్చుచు ఫిబ్రవరి 1వ తేదీన ఆయన రాజప్రతినిధి రీడింగు ప్రభువునకు లేఖయు వ్రాసియుండిరి. ఇంతలో 4వ తేదీన గోరఖ్‌పూరు జిల్లాయందలి చౌరీచౌరాలో, పోలీసుల కాల్పులచే క్రుద్ధులైన జనులు ఠాణాకు నిప్పంటింపగా 22 మంది పోలీసులు మృతినొందిరి. దేశమంతయు ఉద్యమావేశమున ఉఱ్ఱూతలూగుచుండ, 12వ తేదీన బార్డోలీలో సమావేశమైన కాంగ్రెసు కార్యవర్గముచేత ఆయన ఉద్యమమును నిలుపుదల చేయించి, తాము ఐదు దినములు ఉపవసించిరి. చెఱసాలలోనున్న మోతీలాల్ నెహ్రూ, లజపతిరాయ్ ప్రభృతులు ఆగ్రహించిరి. ఆ మాసాంతమున ఢిల్లీలో కూడిన అఖిల భారత కాంగ్రెసు సంఘమున ఆయనపై అభిశంసన తీర్మానము సైతము ప్రతిపాదింపబడినది. అది వీగిపోయినను ఆయనకు తృప్తి కలుగలేదు. తమకు చేయెత్తినవారిలో పలువురు తమ మాటను మనసార అంగీకరించినవారు కారని గ్రహించి, ఆలోచన లేని జనసమూహపు ఆరాధన తమకు వెగటైనదని తమ పత్రికయందు వ్రాసిరి.

ఆ నిర్ణయము యుక్తమా, అయుక్తమా యని చరిత్రకారులు నేటికిని వాదించుచునే యున్నారు. దాని వెనుకనున్న నిష్ఠకు సామాన్యులును మూల్యము చెల్లించిరనుట నిజము. గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున రైతులు పన్ను చెల్లింపు నిలిపి, గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చి, శాంతిసేన క్రమశిక్షణతో ప్రభుత్వమును దిగ్భ్రాంతి నొందించిన పిదప, గాంధీజీ సమ్మతి లభింపమిచే ఆ ఫిబ్రవరి మాసముననే విరమింపవలసివచ్చెను. వారి వేదనను తక్కువచేసి మాటలాడుట అపచారము. అయినను గాంధీజీ ఆ భారమును ఇతరులపైకి నెట్టి తాము తప్పుకొనలేదు. మార్చి 10న బంధితులై, 18న అహమ్మదాబాదులో న్యాయాధిపతి యెదుట నిలిచి, చౌరీచౌరా దుష్కృత్యములతో తమకు సంబంధము లేదనుట అసాధ్యమని స్వయముగా ఒప్పుకొని, ఆఱేండ్ల శిక్షను శిరసావహించిరి.

నాయకులలో దృఢత్వము సడలినప్పుడు నష్టపోవువారెవరో తెలియుటకు షాబానో వ్యాజ్యము చాలును. ఇండోరు నగరవాసినియు, వృద్ధురాలును, భర్తచే పరిత్యక్తయునైన ఆమెకు మధ్యప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము విధించిన మనోవర్తి నెలకు 179 రూపాయల 20 పైసలు. 1985 ఏప్రిల్ 23న సర్వోన్నత న్యాయస్థానము దానిని స్థిరపఱచెను. రాజీవ్ గాంధీ ప్రభుత్వము తొలుత ఆ తీర్పును సమర్థించినది. ఆ ప్రభుత్వమున మంత్రియైన ఆరిఫ్ మహమ్మద్ ఖాన్ లోక్‌సభలో దాని పక్షమున ప్రసంగించిరి. పిదప నిరసన సభలు పెరిగినవి, ఉపయెన్నికలలో ఓటములెదురైనవి. లోక్‌సభలో నాలుగువందలకు మించిన స్థానములు గల ప్రభుత్వము వెనుకంజ వేసి, ఆ తీర్పును నిష్ఫలము గావించు ఉద్దేశముతో 1986లో శాసనమును చేసెను. ఆరిఫ్ మహమ్మద్ ఖాన్ పదవిని త్యజించిరి. తీర్పు వెలువడిననాటికిని శాసనము వచ్చిననాటికిని నడుమ న్యాయము మాఱలేదు, ఆ వృద్ధురాలి అవసరము మాఱలేదు. మాఱినది ఓట్ల లెక్క యొక్కటే.

ప్రజాస్వామ్యమున ప్రజాభిప్రాయమునకు తలయొగ్గుట దోషమా యని పాఠకులు అడుగవచ్చును. ఎంతమాత్రమును కాదు. ఆంధ్రరాష్ట్రమునకై పొట్టి శ్రీరాములుగారు 58 దినములు నిరశనవ్రతము సాగించి, 1952 డిసెంబరు 15న ప్రాణములర్పించిరి. 19వ తేదీన గాని ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ రాష్ట్ర నిర్మాణ నిర్ణయమును ప్రకటింపలేదు. అచ్చటి లోపమంతయు ఆలసించుటలోనే యున్నది. వినదగిన మాటను సకాలమున వినని పట్టుదలకు దృఢత్వమను గౌరవనామము చెల్లదు. కావున నాయకుడు తన మాటను మార్చుకొనెనా లేదా యన్నది ప్రమాణము కాజాలదు. తన నిర్ణయముచే నష్టపోవు మనుష్యుని ముఖము చూచి, అందులకు గల కారణమును తడబడక చెప్పగలడా యని విచారింపవలెను. గాంధీజీ ఆ కారణమును ఢిల్లీలో తమను నిందించువారి నడుమ నిలిచి చెప్పిరి. 1986లో షాబానోకు చెప్పదగిన కారణము ఏ మంత్రివద్ద నుండెను?

ఈ విషయమున ప్రజలమైన మన బాధ్యతయు స్వల్పము కాదు. మన కులమునకో, మతమునకో, ప్రాంతమునకో అనుకూలముగా లొంగిన నాయకుని ప్రజాహృదయ మెఱిగినవాడని పొగడుదుము. అన్యులకు లొంగినచో పిఱికివాడని దూషింతుము. ఈ ద్వంద్వనీతి యున్నంతకాలము నాయకులు మనకు భయపడుటయే నేర్చుకొందురు గాని, మనకు సత్యము చెప్పుట నేర్వజాలరు. మనవాడనుకొన్న నాయకుడు మన కోరికను కాదన్న దినమున, అతనిని పరిత్యజించుటకు ముందు అతడు చెప్పు కారణమును సాకల్యముగా వినుటయు, అది ధర్మసమ్మతమైనచో మనకు నష్టము వాటిల్లినను అతని పక్షమున నిలుచుటయు మనము అలవఱచుకొనవలెను.